సర్దుబాటు పానా కథ: రాయపూర్ వ్యాగన్ షాపు దాకా

విద్యార్థులారా! ఇంట్లో సైకిలు ఉంటే దాని వెనక చక్రం నట్టును ఒకసారి పరీక్షగా చూడండి. ఆ నట్టు ఆరు మూలలూ పదునుగా ఉన్నాయా, లేక అరిగి గుండ్రంగా తయారయ్యాయా? అరిగి ఉంటే, సరిపోని పానాతో ఎవరో దాన్ని బలవంతంగా తిప్పారన్నమాట. అలాంటి నట్టు మీద ఇక ఏ పానా పట్టు చిక్కదు. తిప్పేవాడి చెయ్యి జారి, వేళ్ల కణుపులు ఇనుముకు కొట్టుకుంటాయి. సైకిలు దగ్గర ఇది చిన్న గాయంతో పోతుంది. గూడ్సు బండి వ్యాగన్ దగ్గర అంతటితో పోదు.

ఎన్ని సైజుల నట్లకైనా సరిపోయేలా దవడ వెడల్పు మార్చుకునే పనిముట్టును మనవాళ్లు సర్దుబాటు పానా అనీ, స్క్రూ స్పానర్ అనీ అంటారు. దాని దవడ ఒకే చేత్తో, త్వరగా కదలాలి. కదిలిన చోట గట్టిగా నిలబడాలి కూడా. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. గత 180 ఏళ్లుగా ఎందరో పనివాళ్లు ఈ ముడిని విప్పాలని చూశారు. ఆ ప్రయత్నాల చరిత్రే ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. మన దేశంలో ఈ ముడి బాగా బిగుసుకున్న ప్రాంతాల్లో ఒకటి రాయపూర్. కాబట్టి అక్కడ మొదలుపెడదాం.

ఛత్తీస్‌గఢ్ మైదానంలోకి రైలు నాగపూర్ వైపు నుంచి వచ్చింది. నాగపూర్-ఛత్తీస్‌గఢ్ రైల్వే అనే మీటర్ గేజి లైను 1882 నాటికి రాజనందగావ్ చేరింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ దాన్ని తీసుకుని, బ్రాడ్ గేజికి మార్చి, రాయపూర్, బిలాస్‌పూర్‌ల మీదుగా పొడిగించింది. 1891లో నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా దారి పూర్తయింది. మన తెలుగువారికి ముఖ్యమైన లైను మరొకటుంది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికి వేసిన లైనును అక్కడి నుంచి రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా రాయపూర్‌కు కలిపే పని 1931లో పూర్తయింది. మరో రెండేళ్లకు, 1933లో, విశాఖపట్నం రేవు తెరుచుకుంది. లోపలి ప్రాంతాల సరుకు సముద్రానికి చేరడానికి దారి ఏర్పడింది.

సరుకు రేవు వైపు దిగి వస్తుంటే, మనుషులు అదే దారిన పైకి వెళ్లారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు గ్యాంగుమన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, క్లర్కులుగా ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, రాయపూర్‌లకు చేరారు. ఈ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన వారిలో వరాహగిరి వెంకటగిరి గారు ముఖ్యులు. 1927-28 నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెల చరిత్రలో ఆయన పేరు తప్పక వస్తుంది. తరువాత 1969లో ఆయనే మన రాష్ట్రపతి అయ్యారు. ఇక్కడ చిన్న ముచ్చట. బొబ్బిలి నుంచి రాయపూర్ వెళ్లిన కుర్రవాడు హిందీ మాటలు ఎన్నో కొత్తగా నేర్చుకోవలసి వచ్చి ఉంటుంది గానీ, ఒక మాట మాత్రం మార్చుకోనక్కరలేకపోయింది. అక్కడి మెకానిక్కులు కూడా పానాను పానా అనే అంటారు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1960 దశకంలో, రాయపూర్‌లో వ్యాగన్ మరమ్మతు కర్మాగారం వెలిసింది. ఊళ్లో దాన్ని డబ్ల్యు.ఆర్.ఎస్. అంటారు. దాని చుట్టూ పెరిగిన కాలనీ పేరూ అదే. అప్పట్లో అది ఆగ్నేయ రైల్వేలో ఉండేది, 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేలోకి వచ్చింది. నిర్ణీత కాలానికి ఒకసారి వ్యాగన్లను లోపలికి తెచ్చి, విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ బిగించి పంపడం అక్కడి పని.

విప్పడం, బిగించడం అన్నాం కదా. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు 1841లో మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. మర కోణం 55 డిగ్రీలు. ప్రతి బోల్టు మందానికీ అంగుళానికి ఎన్ని మరలుండాలో లెక్క ప్రకారం నిర్ణయించాడు. బ్రిటిష్ రైల్వేలు దాన్ని స్వీకరించాయి. వారు మన దేశానికి పంపిన ఇంజన్లు, వ్యాగన్లు, వంతెనలు అన్నీ ఆ కొలతలతోనే వచ్చాయి. విట్‌వర్త్ పానాల మీద ఒక వింత ఉంది. పానా మీద అర అంగుళం అని రాసి ఉంటే దాని నోరు అర అంగుళం ఉండదు. అది అర అంగుళం మందం ఉన్న బోల్టు తాలూకు నట్టుకు సరిపోతుందని అర్థం. ఆ నట్టు అడ్డకొలత 0.92 అంగుళం, అంటే 23.37 మిల్లీమీటర్లు.

1956లో మన పార్లమెంటు మెట్రిక్ కొలతల చట్టం చేసింది. సరిగ్గా అదే కాలంలో రాయపూర్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో భిలాయి ఉక్కు కర్మాగారం లేస్తోంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ యంత్రాలన్నీ సోవియట్ నమూనాలు, వాటి బోల్టులన్నీ మిల్లీమీటర్లు. రైలు పట్టాల మీద అంగుళాల లోకం, పక్కనే కొలిమి దగ్గర మిల్లీమీటర్ల లోకం! ఒకే ప్రాంతంలో రెండు కొలతల లోకాలు పక్కపక్కన నిలిచాయి. అంగుళాల వ్యాగన్లు ఒక్క రోజులో మాయం కావు కదా. ఒక వ్యాగన్ కొన్ని దశాబ్దాలు నడుస్తుంది. కాబట్టి పాత నట్టు, కొత్త నట్టు ఒకే షెడ్డులో చాలాకాలం కలిసి బతికాయి.

ఈ కలయిక ఎందుకు ప్రమాదమో ఒక లెక్క వేసి చూద్దాం. మెట్రిక్ పద్ధతిలో 16 మిల్లీమీటర్ల బోల్టు నట్టు అడ్డకొలత 24 మిల్లీమీటర్లు. ఆ 24 పానాను మనం పైన చెప్పుకున్న 23.37 మిల్లీమీటర్ల విట్‌వర్త్ నట్టుకు తొడిగితే చక్కగా ఎక్కుతుంది. చూసేవారికి సరిపోయినట్టే ఉంటుంది. తేడా 0.63 మిల్లీమీటరే. కానీ తిప్పడం మొదలుపెట్టగానే పానా దాదాపు 2.8 డిగ్రీలు ఒట్టిగా తిరిగి, అప్పుడు నట్టు మూలలకు తగులుతుంది. ముఖం మొత్తం మీద పడవలసిన బలం రెండు మూలల సన్నని గీతల మీద పడుతుంది. తుప్పు పట్టి బిగుసుకున్న నట్టయితే ఆ మూలలు చితికిపోతాయి. మీరు త్రికోణమితి చదువుతుంటే ఈ 2.8 డిగ్రీలను మీరే రాబట్టవచ్చు. సమ షడ్భుజిని రెండు సమాంతర రేఖల మధ్య పెట్టి కొద్దిగా తిప్పండి, అంతే.

తేడా ఇలా దొంగలా దాగి ఉన్నప్పుడు, నట్టు ముఖాలకు అతుక్కునేదాకా దవడను జరుపుకోగలిగిన పానా నిజంగా పనికొస్తుంది. సర్దుబాటు పానా బద్ధకస్తుల పనిముట్టు అని కొందరు పెద్ద ఫిట్టర్లు అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం ఉందని నా అభిప్రాయం. కొలత తెలిసిన కొత్త నట్టుకు స్థిరమైన పానాను మించింది లేదు. కొలత తెలియని, అరిగిన పాత నట్టు దగ్గర ఆ న్యాయం చెల్లదు.

ఇక చరిత్రకు వద్దాం. మరతో దవడ జరిగే పానాలు పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలోనే ఇంగ్లండు, అమెరికాలలో వచ్చాయి. ఇంగ్లండులో గ్లూస్టర్‌షైర్ జిల్లాకు చెందిన ఎడ్విన్ బడ్డింగ్, రిచర్డ్ క్లైబర్న్ పేర్లు చెబుతారు. వీరిలో బడ్డింగ్ గడ్డి కోసే యంత్రం కనిపెట్టినవాడు కూడా. అమెరికాలో సోలిమన్ మెరిక్ 1835లో పేటెంటు తీసుకున్నాడు. అయితే ఈ తొలి పానాల్లో దవడ జరపాలంటే ఒక చేత్తో పానా పట్టుకుని, రెండో చేత్తో పిడినో మరనో తిప్పాలి. మరి బోల్టు తలను ఎవరు పట్టుకోవాలి? నిచ్చెన మీద ఉన్నవాడు నిచ్చెనను దేనితో పట్టుకోవాలి?

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణవాసి లోరింగ్ కోస్ ఈ ప్రశ్నకు 1841లో జవాబు చెప్పాడు. అతని మార్పు చూడడానికి చాలా చిన్నది. మరను తిప్పే గరుకు చక్రాన్ని కింది దవడ పక్కకు, పిడి పట్టుకున్న చేతి బొటనవేలికి అందేలా తెచ్చాడు. ఒక చేత్తోనే పట్టుకోవడం, సర్దడం రెండూ జరిగిపోయాయి. త్వరగా సర్దుకునే పానా చరిత్రలో మొదటి నిజమైన మలుపు ఇదేనని నేననుకుంటాను. కోస్ తరహా పానాలకే మంకీ రెంచి అనే పేరు స్థిరపడింది. ఆ పేరు బాక్సింగ్ యోధుడు జాక్ జాన్సన్ వల్ల వచ్చిందని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. జాన్సన్ లెవెన్‌వర్త్ జైలులో ఉన్న కాలంలో ఒక రెంచి మెరుగుదలను రూపొందించిన మాట, దానికి 1922లో పేటెంటు వచ్చిన మాట నిజం. కానీ మంకీ రెంచి అనే పేరు అప్పటికే కొన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఆయన గొప్పతనానికి ఈ అబద్ధం అవసరం లేదు.

కోస్ పానా దవడలు పిడికి అడ్డంగా, సుత్తి తలలా ఉంటాయి. ఇరుకు చోట్లలో అది దూరదు. ఈ రోజు మనం బజారులో కొనే సన్నతల పానా రూపం స్వీడన్ నుంచి వచ్చింది. యోహాన్ పీటర్ యోహాన్సన్ 1853లో పుట్టాడు. 1886లో ఎన్‌షోపింగ్ పట్టణంలో చిన్న మరమ్మతు కొట్టు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల పొలాలకు, మిల్లులకు పోయి యంత్రాలు బాగుచేసేవాడు. అప్పట్లో ప్రతి తయారీదారు నట్టు కొలత వేరుగా ఉండేది. పనికి పోయినప్పుడల్లా ఒక మోపు పానాలు మోసుకుపోవలసి వచ్చేది. ఆ బరువు వదిలించుకోవాలన్న పట్టుదలతోనే అతను 1888లో పైపు పానాను, 1892లో సర్దుబాటు పానాను పేటెంటు చేశాడు. బి.ఎ. హ్యోర్త్ కంపెనీ వాటిని ప్రపంచమంతా అమ్మింది. ఆ కంపెనీ పేరులోని అక్షరాలే తరువాత బాకో అనే మార్కు అయ్యాయి. అమెరికాలో జేమ్స్‌టౌన్ పట్టణంలో 1907లో మొదలైన క్రెసెంట్ కంపెనీ ఈ రూపాన్నే ఇంటింటికీ చేర్చింది.

యోహాన్సన్ తరహా పానాలో తల పిడికి తిన్నగా ఉండదు, కాస్త పక్కకు ఒరిగి ఉంటుంది. పాత పానాల్లో ఈ ఒరుగు 22.5 డిగ్రీలు, కొన్ని తరువాతి వాటిలో 15. దీని వెనక ఒక లెక్క ఉంది. పానాను తిరగేసి పెడితే కోణం ఒరుగుకు రెట్టింపు మారుతుంది. నాలుగు ముఖాల నట్టు 90 డిగ్రీలకొకసారి అదే రూపం చూపిస్తుంది. 22.5 ఒరుగుంటే తిరగేస్తూ 45 డిగ్రీల చోటులోనే దాన్ని విప్పవచ్చు. ఆరు ముఖాల నట్టుకు 60 డిగ్రీలు కాబట్టి 15 ఒరుగుతో 30 డిగ్రీల చోటు చాలు. చదరపు నట్లు తగ్గి షడ్భుజి నట్లు పెరిగిన కొద్దీ 15 వైపు మొగ్గు వచ్చింది.

ఈ పనిముట్టును ఎవరు కనిపెట్టారన్న దాని మీద దేశాల తీర్పు తమాషాగా ఉంటుంది. ఫ్రెంచివారు దీన్ని ఇంగ్లీషు తాళంచెవి అంటారు. పోలెండువారు ఫ్రెంచి తాళంచెవి అంటారు. డెన్మార్కువారు స్వీడిష్ తాళంచెవి అంటారు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. యోహాన్సన్ పానా నమ్మకమైనదే, కానీ నిదానం. చిన్న చక్రాన్ని బొటనవేలితో నెట్టి నెట్టి తిప్పాలి. ఒక చుట్టుకు దవడ 3 మిల్లీమీటర్లు కదులుతుందనుకుందాం. 12 నుంచి 30కి పోవాలంటే 6 చుట్లు. వేలు ఒక్క నెట్టుకు పావు చుట్టు తిప్పితే 24 నెట్లు. మరి ఒక చుట్టుకు 6 మిల్లీమీటర్లు కదిలేలా మర చేస్తే సగం పనే కదా? ఎవరికైనా ముందు తట్టే ఉపాయం ఇదే. ఇది ఎందుకు పారదో చూడండి.

మరను విప్పి పరిస్తే అది ఒక వాలు పలక. మర సగటు వ్యాసం 10 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత 31.4. చుట్టుకు 3 మిల్లీమీటర్లు ఎక్కితే వాలు సుమారు 5.5 డిగ్రీలు. 6 ఎక్కితే దాదాపు 11. నూనె తగిలిన ఉక్కు మీద ఉక్కుకు ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే, 8.5 డిగ్రీల లోపు వాలు మీదే వస్తువు జారకుండా నిలుస్తుంది. కాబట్టి మొదటి మర తనంతట తానే బిగిసి ఉంటుంది. రెండోది బలం పడగానే వెనక్కి తిరిగి, దవడ తెరుచుకుంటుంది. త్వరగా కదిలే మర గట్టిగా పట్టదు, గట్టిగా పట్టే మర త్వరగా కదలదు. మరనొక్కదాన్నే నమ్ముకున్నంత కాలం ఈ గీత దాటలేం.

దాటాలంటే జరిపే పని ఒకదానికి, పట్టే పని మరొకదానికి అప్పగించాలి. పైపు పానాలో డేనియల్ స్టిల్సన్ 1869-70లో చేసింది ఒక విధంగా ఇదే. పై దవడను వదులుగా ఉంచాడు. పిడి లాగే బలమే దవడను పైపు మీదికి అదుముతుంది. ఎంత లాగితే అంత పట్టు. కానీ దాని పళ్లు నట్టును కొరికేస్తాయి. వేరే ఆలోచనలూ వచ్చాయి. మీట నొక్కితే దవడ పళ్లు వదిలి జారిపోయి, మీట వదిలితే మళ్లీ పళ్లలో కూర్చునేవి కొన్ని. పట్టకారులా నొక్కితే సమాంతరంగా మూసుకునే దవడలు కొన్ని. షికాగో ప్రాంతానికి చెందిన డాన్ బ్రౌన్ 2005లో బజారుకు తెచ్చిన బయోనిక్ రెంచిలో పిడులు నొక్కితే ఆరు దవడలు కెమెరా కంటిపాపలా నట్టు ఆరు ముఖాల మీదికీ ఒకేసారి వస్తాయి.

పనిముట్టు త్వరగా సర్దుకోవడం పనివాడికి సమయం. అమ్మేవాడికి అది డబ్బు. 1963లో పద్దెనిమిదేళ్ల పీటర్ రాబర్ట్స్ అమెరికాలో సియర్స్ దుకాణంలో పనిచేస్తూ, ఒక మీట నొక్కితే సాకెట్టు ఊడివచ్చే రెంచిని తయారుచేశాడు. కంపెనీ ముక్కకు రెండు సెంట్ల చొప్పున, 10,000 డాలర్లు మించకుండా ఇచ్చి హక్కులు తీసుకుంది. ఆ రెంచి లక్షల్లో అమ్ముడుపోయింది. తన ఆవిష్కరణ విలువ తన దగ్గర దాచారని రాబర్ట్స్ కోర్టుకెక్కాడు. 1977లో జ్యూరీ అతనికి పది లక్షల డాలర్లు ఇమ్మంది. ఆ తరువాత కూడా వ్యాజ్యం సాగి 1989లో రాజీతో ముగిసింది. బ్రౌన్ విషయంలో ఫలితం వేరు. తన నమూనాను పోలిన పానా అమ్ముతున్నారని అతని కంపెనీ 2012లో దావా వేసింది. 2017లో జ్యూరీ అతని వైపు తీర్పిచ్చింది. అదే ఏడాది న్యాయమూర్తి ఆ తీర్పును పక్కనపెట్టారు. ఐ.టి.ఐ.ల్లో, పాలిటెక్నిక్‌లలో చదివే మీలో ఎవరైనా ఒక ఉపాయం కనిపెడితే, నలుగురికీ చూపించే ముందే పేటెంటు దరఖాస్తు గురించి తెలుసుకోండి. మన దేశంలో ముందుగా తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేసుకుని, పూర్తి వివరణను 12 నెలల్లోగా ఇచ్చే వీలుంది.

మళ్లీ రాయపూర్ షెడ్డులోకి వెళదాం. త్వరగా కదిలి, గట్టిగా పట్టే మర అసాధ్యం అన్నాం కదా. ఆ అసాధ్యాన్ని సాధించిన పరికరం గూడ్సు వ్యాగన్ పొట్ట కిందే వేలాడుతూ ఉంటుంది. దాని పేరు స్లాక్ అడ్జస్టర్.

బ్రేకు వేసినప్పుడు బ్రేకు బ్లాకులు చక్రాన్ని ఒరుసుకుంటాయి. ఒరుసుకున్న ప్రతిసారీ కొంత అరుగుతాయి. బ్లాకుకూ చక్రానికీ మధ్య సందు పెరిగిన కొద్దీ బ్రేకు సిలిండరులోని పిస్టన్ ఎక్కువ దూరం ప్రయాణించాలి. సందు మరీ పెరిగితే పిస్టన్ చివరికి చేరినా బ్లాకు చక్రాన్ని గట్టిగా పట్టదు, బండి ఆగవలసిన చోట ఆగదు. పాతకాలంలో మనిషి వ్యాగన్ కిందికి దూరి, లింకుల్లోని పిన్నులు తీసి తరువాతి రంధ్రానికి మార్చేవాడు. ఒక్కొక్క వ్యాగన్‌కూ ఇదే పని.

ఎస్.ఎ.బి. అనే స్వీడన్ కంపెనీ దీన్ని యంత్రానికే అప్పగించింది. చూడండి, మళ్లీ స్వీడనే! వారి డి.ఆర్.వి. రకం అడ్జస్టర్లు, వాటి దారిలో మన రైల్వేల ఐ.ఆర్.ఎస్.ఎ. రకం అడ్జస్టర్లు మన బండ్లకు వచ్చాయి. వాటి లోపలి కడ్డీకి ఉన్న మర, మనం పనికిరాదని తేల్చిన నిటారు మరే. స్ప్రింగు నెడితే చాలు, దాని మీద నట్టు బేరింగు ఆసరాతో గిరగిరా తిరిగి ముందుకు పోతుంది. పెరిగిన సందును త్వరగా తీసుకుంటుంది. బ్లాకు చక్రానికి తగిలి అసలు బలం వచ్చిన క్షణంలో, నట్టు పక్కనున్న క్లచ్చి ముఖంలోకి కూర్చుని బిగుసుకుంటుంది. ఇక తిరగలేదు. తిరగలేని నట్టు జారలేదు. కదలడానికి మర, పట్టడానికి క్లచ్చి. సందు పెరిగితే తగ్గిస్తుంది. కొత్త బ్లాకులు వేసి సందు తగ్గితే తిరిగి వదులుతుంది. అందుకే దీన్ని రెండు వైపులా పనిచేసేది అంటారు.

వ్యాగన్ షాపులో ఫిట్టర్ చేయవలసిన పని ఇక్కడ మిగిలే ఉంది. అడ్జస్టర్ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేది కంట్రోల్ రాడ్ అనే మరో కడ్డీ. దాని తలకూ అడ్జస్టర్ గొట్టానికీ మధ్య దూరాన్ని ‘ఎ’ కొలత అంటారు. ఆ కొలతను మాత్రం యంత్రం తనంతట తాను పెట్టుకోలేదు. అది తప్పితే బ్లాకులు నడిచే చక్రాన్ని రాసుకుంటూనే ఉంటాయి, లేదా పిస్టన్ అవసరానికి మించి బయటికి వస్తుంది. కాబట్టి మరమ్మతు పూర్తయిన వ్యాగన్‌ను బయటికి పంపే ముందు ఒక మనిషి గేజి తీసుకుని కిందికి వంగి, ఆ దూరాన్ని చూసి సరిచేస్తాడు.